ఆకు వెనక చుక్కలు

పెరటి గోడ పక్కన ఎండ మొహం ఎరగని మూల ఒకటుంది. అక్కడ గడ్డి కూడా మొలవనని మొండికేస్తే, దర్జీగారి భార్య పంతం పట్టి ఫెర్న్ మొక్కలు పెట్టింది. మంచుకు చావవు, నీడకు అలగవు. "పువ్వా, కాయా? దీనికింత చాకిరీ ఎందుకు?" అని దర్జీ ఎగతాళి చేస్తే ఆవిడ నవ్వి ఊరుకునేది.

ఆవిడ ఆసుపత్రిలో చేరాక ఆ చాకిరీ ఈయన మెడకు చుట్టుకుంది. ఇష్టంగానే చేశాడు, పాపం. నేల ఆరనివ్వలేదు, మొదళ్ల చుట్టూ ఎండుటాకులు కప్పాడు. చివరికి, ఇక మందులు పనిచేయవు, ఇంటికి తీసుకెళ్లండి, చలికాలం దాటడం కష్టం అని డాక్టరు చెప్పేశాడు. ఇల్లు సర్దడానికి ముందుగా వచ్చిన దర్జీ పెరట్లో ఒక ఆకు తిప్పి చూశాడు. వెనకంతా గోధుమరంగు చుక్కలు, మిషను మీద కుట్టినట్టు వరసలు వరసలుగా. ఏ ఆకు తిప్పినా అంతే.

తెగులే అనుకున్నాడు మహానుభావుడు. ఆవిడ వచ్చేసరికి తోట పాడై కనబడకూడదని, బట్టలు కత్తిరించే కత్తెరతోనే ఆకులన్నీ మొదలంటా కోసి కాల్చేశాడు.

మర్నాడు ఆవిడను నెమ్మదిగా నడిపించుకొచ్చి పెరట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"ఆకులేవండీ?"

"తెగులు పట్టిందోయ్. వెనకంతా గోధుమరంగు చుక్కలు. కాల్చేశా. వేళ్లు బాగానే ఉన్నాయి, బెంగపడకు."

ఆవిడ కోసేసిన మొదళ్లకేసి చూసింది.

"అది తెగులు కాదండీ. దీనికి విత్తనాలంటే ఆ చుక్కల్లోని పొడే. ఎప్పుడొస్తాయా అని ఏళ్ల తరబడి చూస్తున్నా. ఆ పొడి చల్లి పిల్లమొక్కలు లేపాలని నా ఆశ. చెబితే నవ్వుతారని మీకు చెప్పలేదు."

దర్జీకి ఆ కత్తెర పట్టిన చేతిని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. సిగ్గుతో, దుఃఖంతో ఆమె కుర్చీ పక్కనే నేల మీద కూలబడ్డాడు.

"పోనీలెండి, వచ్చే ఏడు మళ్లీ వస్తాయి," అందావిడ. "ఈసారి పొడి రాలకముందే ఆకు కోసి కాగితంలో చుట్టండి. ఆరాక తడిమట్టి మీద చల్లండి. పైన మట్టి కప్పకూడదు. గుర్తుంటుందా?"

"నువ్వే చల్లుదువుగాని."

"సరే. ముందు మీరు చెప్పండి. మట్టి కప్పాలా, వద్దా?"

"వద్దు," అన్నాడు దర్జీ. అంటూనే ఏడ్చేశాడు.