అడిగి తెచ్చిన మాటలు

“గింజ లేని వడ్లు. రెండే అక్షరాలు,” అని ముందు గదిలోంచి భర్త ప్రేమ్ కుమార్ కేకేసేసరికి నిరోష మోచేతుల దాకా సబ్బు నురుగుతో గిన్నెలు తోముతోంది. చర్చి నుంచి వచ్చి గంట కూడా కాలేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది.

“ఏయ్ నిరోషా, వినపడ్తలేదా? జర ఆలోచించు.”

నిరోష చేతులు కడుక్కుని వెనక వరండాలోకి వెళ్ళింది. అత్త పెంటమ్మ కాళ్ళు బార చాపుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నిరోష పక్కన కూర్చుని, తనూ రెండు రాళ్ళు ఏరి, ఊరికే అడుగుతున్నట్టు అడిగింది. “అత్తమ్మా, గింజ లేని వడ్లను ఏమంటరు?”

“తాలు అంటరు బిడ్డా. పొల్లు అని గూడ అంటం. మా వడ్డేపల్లి దిక్కు ఒక ఏడు…”

నిరోష అప్పటికే లేచింది. తాలు, పొల్లు రెండూ చెప్పింది. నిలువు గళ్ళలో ‘తా’ పడింది కాబట్టి ప్రేమ్ కుమార్ తాలు అని రాసుకున్నాడు. తలెత్తి చూడలేదు.

మూడేళ్ళుగా ప్రతి ఆదివారం ఇదే వరస. గద్వాలలో ఒక ప్రైవేటు బడిలో అతను తెలుగు సారు, ఆమె అదే బడిలో ఎల్కేజీ టీచరు. ఆదివారం పేపర్లో వచ్చే గళ్ళ పజిల్ నింపి పంపిస్తాడు. సరైన జవాబులు రాసిన వాళ్ళ జాబితాలో అతని పేరు అచ్చవుతుంది. సోమవారం స్టాఫ్ రూములో ఆ పేపరు చేతులు మారుతుంది. మొదట్లో నిరోషకు అదొక సరదా. వంటింట్లో ఉన్నా తన బుర్ర ఇంకా పనిచేస్తోందని ఒక ధీమా. వనపర్తిలో డిగ్రీ చదివినప్పుడు తెలుగులో క్లాసు ఫస్టు తనే. అత్త నోట్లోంచి వచ్చిన మాట ఉన్నదున్నట్టు గళ్ళలో పట్టదు కదా. ఆమె తొల్సూరు అంటే తను తొలిచూలు అని దిద్ది ఇచ్చేది. దిద్దింది తనే కాబట్టి మాట కూడా తనదే అనుకునేది. ఎక్కడిదని ప్రేమ్ కుమార్ ఎన్నడూ అడగలేదు, ఆమె ఎన్నడూ చెప్పలేదు.

ఆ ఏడాది పేపరు వాళ్ళు పెట్టిన పజిల్ పోటీలో ప్రేమ్ కుమార్‌కు మొదటి బహుమతి వచ్చింది. బడిలో సన్మానం పెట్టారు. ఆ పొద్దున పెంటమ్మ పెట్టెలోంచి తెల్లచీర తీసి దులుపుకుంది.

“నేను గూడ వస్త నాయనా. నా కొడుక్కు శాలువా కప్పుతుంటే చూస్త.”

“నీకెందుకమ్మా పరేషాన్? ఆడంత ఇంగ్లీషుల మాట్లాడుతరు, నీకేం సమజ్ గాదు. కూసొని కూసొని మోకాళ్ళు గుంజుతయ్.”

పెంటమ్మ కోడలి వైపు చూసింది. నిరోష తల వంచుకుని అంగీ ఇస్త్రీ చేస్తోంది. అత్త వస్తే అందరినీ పలకరిస్తుంది, సీడు పత్తి చేలల్లో కూలికి పోయిన ముచ్చట్లన్నీ హెడ్మిస్ట్రెస్‌కు చెప్పుకొస్తుంది. రాకపోతేనే నయం అని ఆమెకూ అనిపించింది. చీర మళ్ళీ పెట్టెలోకి పోయింది.

శాలువా కప్పాక కరస్పాండెంటు వెంకట్రాములు మైకు ప్రేమ్ కుమార్ చేతికిచ్చాడు. “ఇన్ని పాత మాటలు మీకెట్ల తెలుసు సార్?”

“చిన్నప్పటి నుంచి పుస్తకాలు చదివే అలవాటు సార్. ఇంట్ల మా మేడం సహకారం గూడ ఉంది. టైముకు చాయ్ ఇస్తది.”

అందరూ నవ్వారు. నిరోష కూడా నవ్వింది, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. కొడుతూ ఉండగానే ఆమె చెవులు వేడెక్కాయి. పక్కనున్న టీచరు “అదృష్టవంతురాలివి” అన్నప్పుడు ఆ వేడి మెడ దాకా పాకింది. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో ఒకే మాట మననం చేసుకుంది: ఆ మాటలు మీవి కావు. ఇంట్లో అడుగు పెట్టగానే అనెయ్యాలి. కానీ ప్రేమ్ కుమార్ ఫోను మోగుతూనే ఉంది. నిరోష అంతసేపు ఆగలేక వెనక వరండాలోకి వెళ్ళి పెంటమ్మ ముందు కూలబడింది.

“మూడేండ్ల సంది మాటలన్ని నేనే ఇచ్చిన అత్తమ్మా. నలుగుర్ల నా పేరు ఎత్తలే. చాయ్ ఇస్తదంట!”

“ఏం మాటలు బిడ్డా?”

“గదే, పేపర్ల గళ్ళు నింపుతడు గదా. తాలు, పదును, కొయ్యకాలు…”

అవన్నీ ఇదే వరండాలో ఈమె నోట విన్నవేనని నిరోషకు అప్పుడు తట్టింది. పెంటమ్మ చేతులు చేటలోనే నిలిచిపోయాయి.

“గవన్ని పేపరు కోసమా?” అంది పెంటమ్మ నెమ్మదిగా. “ఆదివారం ఆదివారం వచ్చి పక్కన కూసుంటుంటివి. నా ముచ్చట వినబుద్ధయితుందేమో అనుకుంటి.” ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. “మంచిదే తియ్. అక్కరకొచ్చినయ్ గదా,” అని మళ్ళీ బియ్యం మీదికి వంగింది.

నిరోషకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సభలో పడ్డ సిగ్గు దీని ముందు ఎంత! ఎన్ని ఆదివారాలు, ఎన్ని ముచ్చట్లు మధ్యలో తెంపేసి లేచిపోయిందో ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మొదటి గర్భాన్ని ఏమంటారని అడిగిన రోజు పెంటమ్మ అంది: “తొల్సూరు. నా తొల్సూరు ప్రేమ్ కుమార్ గాదు బిడ్డా. కాలువ పనికి వలస పోయినంక, ఆడ…” మాట మర్చిపోతానేమోనని నిరోష పరుగున ముందు గదిలోకి పోయింది. నాలుగు గళ్ళు నిండాయి. కాలువ దగ్గర ఏమైందో ఆ రోజు అడగలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు.

“అత్తమ్మా… కాలువ కాడ ఏందో చెప్పబోయినవు, తొల్సూరు గురించి.”

పెంటమ్మ తలెత్తలేదు. “ఎప్పటిదో. ఇప్పుడెందుకు?”

అడిగే హక్కు తనకు ఇక లేదని నిరోషకు అర్థమైంది. లేచి ముందు గదిలోకి వెళ్ళింది. ప్రేమ్ కుమార్ ఫోను పక్కన పెట్టి శాలువా మడతలు సరిచేస్తున్నాడు.

“ఆ మాటలు మీవి కావు,” అంది.

“పేరు చెప్పలేదని గిట్ల మొకం పెట్టినవా? నీయే తియ్, సరేనా?”

“నాయి గూడ కావు. అన్ని మీ అమ్మయి. ఒక్కొక్కటి ఆమె కాడ అడిగి తెచ్చిన. నావన్నట్టు మీకిచ్చిన.”

ప్రేమ్ కుమార్ ఒకసారి వెనక గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. “చదువురానామె చెప్పిందంటే స్టాఫ్ రూముల నా ఇజ్జత్ ఉంటదా? ఈ ముచ్చట నీ నోట్లనే ఉండనీ. నీక్కూడ మంచిది గాదు.”

అతను చెప్పింది నిజమే. ఆమెకూ మంచిది కాదు. మూడేళ్ళు నోరు మూసుకున్నది అందుకే.

“రేపు స్టాఫ్ రూముల చెప్త,” అంది నిరోష. “ముందు నేను చేసింది చెప్త. తర్వాతనే మీది.”