ఒక్క రోజు సెలవు

ఆపరేషన్ గది తలుపు దాకా వెళ్లిన స్ట్రెచర్‌ని వార్డు పనివాళ్లు మళ్లీ వెనక్కి తోసుకొచ్చారు. బిల్లుల కౌంటర్ గుమాస్తా అద్దంలోంచి అంతా చూసింది. స్ట్రెచర్ మీద ఉన్నది రంగుల మిల్లు పనివాడు. పదకొండేళ్లు ఆవిరి తొట్ల పక్కన నిలబడి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నవాడు. అతన్ని వెనక్కి తెచ్చిన కాగితం ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి వచ్చింది. పాలసీ మొదలై రెండేళ్లు నిండలేదు కాబట్టి ఈ జబ్బుకు చెల్లింపు లేదట.

అతని భార్య కౌంటర్ దగ్గరకొచ్చింది. ఆమె ఏడవలేదు.

"పదకొండేళ్లుగా జీతంలో కోస్తూనే ఉన్నారు కదమ్మా. రెండేళ్లు నిండకపోవడమేంటి?"

డాక్టర్ రాసిన ఖర్చు కంపెనీకి పంపడం, వాళ్లు ఔనన్నా కాదన్నా కిటికీలోంచి చెప్పడం గుమాస్తా పని. ఉత్తరంలో చావు కబురుంటే పోస్టుమాన్ తప్పేముందని ఇన్నాళ్లూ తనకు తాను సర్దిచెప్పుకుంది. ఆ రోజు మాత్రం ఆ మాట గొంతు దిగలేదు.

పాత ఫైళ్లు తెరిచి చూసింది. అతని పాలసీ ఏటా ఒక తేదీన ఆగిపోయి, ఒక రోజు విడిచి కొత్తగా మొదలవుతోంది. మిల్లు వాళ్ల ఫైళ్లన్నీ తిరగేసింది. అందరిదీ అదే వరస. కాదన్న కాగితాలు అరవైకి పైగా ఉన్నాయి. అన్నింటిలోనూ అదే వాక్యం.

భోజనాల వేళ వార్డుకెళ్లి, ఆ తేదీన ఏం జరుగుతుందని అతని భార్యని అడిగింది. ఆమెదీ ఆ మిల్లులోనే పని.

"అదా? మమ్మల్ని మిల్లు పనికి పెట్టిన కాంట్రాక్టర్ సెలవిచ్చే రోజు," అంది భార్య. "ఏడాదికొకటి. కూలీ కూడా ఇస్తాడు, మిఠాయి పొట్లం ఇస్తాడు. రెండు కాగితాల మీద వేలిముద్ర వేసి ఇంటికి పోతాం."

గుమాస్తాకి అప్పుడర్థమైంది. మొదటి కాగితంలో పని మానేశామని ఉంటుంది. రెండో దాంట్లో కొత్తగా చేరామని ఉంటుంది. ఆ మహా దయగల కాంట్రాక్టర్ ఒక్క రోజు కూలీ పారేసి పదకొండేళ్ల నౌకరీని చెరిపేశాడు. ఇన్సూరెన్స్ కంపెనీకి ఇది తెలియకేం? ఏటా డబ్బు కట్టించుకుంటుంది, ఏటా వాళ్లని కొత్తవాళ్ల కిందే లెక్కేస్తుంది. గుమాస్తా విడమరిచి చెప్పేసరికి భార్య తన బొటనవేలి వంక చూసుకుంది.

"పోయినేడు వాడికి దండ వేసింది నేనేనమ్మా," అంది.

సాయంత్రం షిఫ్టు మారేటప్పుడు మిల్లు గేటు ముందు అందరూ గుమిగూడారు. కంపెనీ కాదన్న కాగితాలన్నీ గుమాస్తా అచ్చు తీసి తెచ్చింది. ఆఫీసు కాగితం బయటికొస్తే ఉద్యోగం ఊడుతుందని ఆమెకు తెలుసు. కాంట్రాక్టర్ కాళ్లు విరగ్గొడదామని కుర్రకారు లేచారు. అర్జీ పెడదామన్నాడు ముసలి మేస్త్రీ. ఇప్పటికి ఎన్ని పెట్టావని వాళ్లు ఎగతాళి చేశారు. గొడవ ముదురుతుంటే భార్య మధ్యలోకి వచ్చింది.

"వాడి సంగతి తర్వాత. మా ఆయనకి రేపు ఆపరేషన్ జరగాలి. అది చెప్పండి."

అప్పుడు గుమాస్తా ఆసుపత్రి రూలొకటి చెప్పింది. టోకెన్ తీసుకున్న ప్రతి మనిషికీ కౌంటర్లో జవాబు చెప్పి తీరాలి. అందరూ టోకెన్లు తీసుకుంటే కౌంటర్లో ఇంకో పని సాగదు.

మర్నాడు తలుపులు తెరిచేసరికి మిల్లు మొత్తం ఆసుపత్రి హాల్లో ఉంది. టోకెన్ పిలవగానే ఒక్కొక్కరూ వచ్చి, తమకో తమ ఇంట్లోవాళ్లకో వచ్చిన కాగితం గట్టిగా చదవమన్నారు. గుమాస్తా మైకులో చదివింది. రెండేళ్లు నిండలేదు. చెల్లింపు లేదు. మళ్లీ చదివింది. మళ్లీ అదే. ముక్కూమొహం తెలియని రోగుల బంధువులు కూడా టోకెన్లు తీసుకోవడం మొదలుపెట్టారు. మేనేజర్ పరిగెత్తుకొచ్చి వీళ్లని బయటికి పంపమన్నాడు.

"రూలు మీరు పెట్టిందే సార్. ఆ మనిషికి ఆపరేషన్ మొదలుపెట్టండి, వీళ్లే వెళ్లిపోతారు."

పై వాళ్లని అడగాలన్నాడు మేనేజర్. పై వాళ్లు కంపెనీని అడగాలన్నారు. మధ్యాహ్నం దాకా ఫోన్లు తిరుగుతూనే ఉన్నాయి.

అరవయ్యో నంబరు నడుస్తుండగా వార్డు నర్సు వచ్చి భార్య పక్కన నిలబడింది. ఆయన పోయాడని మెల్లగా చెప్పింది. భార్య నేల మీద కూలబడిపోయింది. ఆమె చేతిలో ఉన్న టోకెన్ అరవై మూడు. నంబరు పిలిచినప్పుడు ఆడవాళ్లు రెక్క పట్టి లేపారు.

"చదువమ్మా. ఆయనది కూడా చదువు."

గుమాస్తా చివరి మాట దాకా చదివింది.

అప్పటికే పోలీసులు లోపలికొచ్చారు. ఫైళ్లు బయటపెట్టిందెవరని మేనేజర్ అరిచాడు. తానేనని చెప్పి ఆమె లేచి నిలబడింది. పోలీసులు ఆమె రెండు చేతులూ పట్టుకుని తీసుకెళ్తుంటే జనం దారివ్వలేదు. ఆ గుంపులోంచి తలుపు దాకా లాక్కుపోవడానికి చాలాసేపే పట్టింది.

కుర్చీ ఖాళీగా ఉంది. పక్క కౌంటర్లో ఇంకో గుమాస్తా ఉంది. ఎనిమిదేళ్లుగా తలెత్తకుండా పని చేసుకుపోయే మనిషి. ఆమె తన చోటు నుంచి లేచి, ఈ కుర్చీలోకి వచ్చి కూర్చుంది. మైకు దగ్గరకి లాక్కుంది.

"అరవై నాలుగు," అని పిలిచింది.