మచ్చు కింద పోయిన కుప్ప

పేర్చిన బస్తాల నెట్టు కూలితే పెద్ద చప్పుడు రాదు. దుమ్ము లేస్తుంది, అంతే. మిర్యాలగూడలో నర్సింగరావు రైసు మిల్లు గోదాంలో ఆ దుమ్ము లేచినప్పుడు నేను తలుపు దగ్గరే ఉన్నాను. గోనె సంచుల బేరం కోసం సూర్యాపేట నుంచి వచ్చాను.

"సేటూ, కింద మనిషున్నడు!" అని హమాలీ బీరయ్య కేక పెట్టాడు.

నర్సింగరావు పంచె ఎగ్గట్టి లోపలికి వచ్చాడు. కూలిన బస్తాల వైపు వేలు చూపించాడు.

"పగిలినయ్ ముందు తియ్యుండ్రి. వడ్లు తొక్కకుండ్రి. వరుసగ తియ్యుండ్రి."

"మనిషి సేటూ! దీప్లా!"

"మనిషి యాడికి పోతడు? గుంజితే ఇంకో నాలుగు పగుల్తయ్. వరుసగ తియ్యుండ్రి."

వాళ్లు వరుసగానే తీశారు. ఎదురు చెప్పడం అప్పటికి వాళ్లకు తెలియదు. హమాలీ దీప్లా బయటికి వచ్చేసరికి వాడి నడుం కింద భాగం వాడిది కాకుండా పోయింది. వడ్లు ఆరబోసే జానమ్మ పరుగెత్తుకొచ్చి, చిన్న సీసాలో ఆముదం తెచ్చి వాడి కాళ్లు రుద్దింది. వాడికి స్పర్శ తెలియలేదు. వాడు కళ్లు తెరవకముందే నర్సింగరావు అన్నాడు: "తాగి ఎక్కిండు."

దీప్లా తాగడు. నాకు తెలుసు, మిల్లులో అందరికీ తెలుసు. నెట్టు ఎందుకు కూలిందో కూడా తెలుసు. సాగర్ కాలువ నీళ్లొచ్చాక వడ్లు పెరిగాయి, గోదాములు పెరగలేదు. ఇంకో గోదాం కిరాయికి తీసుకునే బదులు ఉన్నదాంట్లోనే నెట్టు పైకి లేపారు. మనిషి చెయ్యెత్తినా అందని ఎత్తుకు, భుజం మీది బస్తాను విసరాలి. గోదాం కిరాయి మిగిలింది. దీప్లా నడుం పోయింది. వ్యాపారి కళ్లతో చూసినా ఇంతకంటే చెడ్డ బేరం నాకు కనిపించలేదు.

ఇదంతా పైనుంచి చూసిన మనిషి ఒకడున్నాడు, పేరు పర్వతాలు. నిచ్చెనెక్కి మిల్లు గోడ మీద పేరు రాస్తున్నాడు. గోదాం కిటికీ అతని ముఖానికి సరిగ్గా ఎదురుగా ఉంది.

పర్వతాలు చేర్యాల వైపు నకాశీ వాడు. వాళ్ల తాతలు పొడుగాటి గుడ్డ మీద వరుసగా బొమ్మలు వేసేవాళ్లు. దాన్ని పటం అంటారు. కథ చెప్పేవాళ్లు ఆ పటాన్ని వేలాడగట్టి, కర్రతో ఒక్కో బొమ్మా చూపిస్తూ ఊరూరా కథ చెప్పేవాళ్లు. ఊళ్లలోకి సినిమా వచ్చింది, పటం అడిగేవాళ్లు పోయారు. అతను సూర్యాపేట వచ్చి దుకాణాల బోర్డులు, లారీల మీద పేర్లు రాసుకుంటూ మా ఇంటికి ఆనుకున్న గోదాం వెనక గదిలో కిరాయికి ఉంటున్నాడు. నా భార్య పోయాక ఆ పెద్ద ఇంటిలో మేమిద్దరమే. పొద్దున "ఉన్నవా?" అంటే "ఉన్న" అంటాడు. కొన్ని రోజుల్లో మా ఇద్దరి మధ్య మొత్తం ఆ రెండు మాటలే.

ఆ మిల్లు నుంచి వచ్చాక ఆ మాటలూ ఆగిపోయాయి. అట్టల మీద అదే బొమ్మ గీస్తాడు, చింపేస్తాడు. నెట్టు, వేలు చూపించే చెయ్యి, బస్తాల సందులో ఒక పాదం.

కోదాడ కుర్రాడు జగదీశ్ మా ఊళ్లో కాలేజీ చదువుతూ హమాలీలకు సంఘం పెట్టిద్దామని తిరిగేవాడు. ఒకరోజు బెజవాడ నుంచి వచ్చే పిల్లల పత్రిక పట్టుకొచ్చాడు.

"బాబాయ్, చూశావా? బొమ్మలకథల పోటీ పెట్టారు. గెలిచినోళ్లది అచ్చేస్తారంట. ఆంధ్రదేశమంతా చదువుద్ది. పర్వతాలన్న ఆ మిల్లు కథ పూర్తి చేస్తే చాలు."

అమావాస్యకు మిల్లులు బంద్. ఆ రోజు మిర్యాలగూడలో దీప్లా గుడిసె ముందు అందరూ కూర్చున్నారు. దీప్లా లోపల మంచం మీద ఉన్నాడు. వాడి వాళ్లంతా దామరచర్ల అవతల తండాలో. వాడిని చూడటానికి రోజూ వచ్చేది జానమ్మ ఒక్కతే.

నేను నా లెక్క చెప్పాను. "వడ్ల బేరానికి పోతే పిడికెడు మచ్చు చూపిస్తం. ధర కుదిరినంకనే బండి కదుల్తది. ఈ పోటీల కుప్పంత ముందే పంపాలె. వంద మంది వంద కుప్పలు పంపుతరు. ఒక్కనికి పైసలిస్తరు. తక్కిన కుప్పలు ఎవని గోదాంల పడ్తయి? గీడ రాసిండ్రు సూడుండ్రి, పంపినవి వాపస్ ఇయ్యరట."

"బాబాయ్, నువ్వు అన్నిట్లో బేరమే చూస్తావు," అన్నాడు జగదీశ్. "పేరు లేనోడికి ఇదొక్కటే తలుపు. కొట్టకపోతే ఎట్టా తెరుచుకుంటుంది?"

జానమ్మ మూతి తిప్పింది. "పోటీల గెలిస్తే దీప్లా లేసి నడుస్తడా?"

"నడవకపోతే మాయె. తాగిండన్న మాట పోతది," అన్నాడు బీరయ్య. "లేబర్ ఆఫీసర్ ఇచారణకు వస్తడట. నల్గురికి తెలిసినంక అబద్ధమాడుడు కష్టమైతది."

అందరూ పర్వతాలు వైపు చూశారు. అతను నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నాడు.

"మా తాత పటం గీస్తే ఇంటికొచ్చి అడిగి తీస్కపోయేది. నన్నెవలు అడుగుతుండ్రు? సూసేటోడు లేక చేతులు తిమ్మిరెక్కినయ్. పంపుతా సేటూ. మోసపోతే పోయిన."

లోపలి నుంచి దీప్లా గొంతు వచ్చింది. "అన్నా, నా మీసం మంచిగ గియ్యి!"

అందరూ నవ్వారు. ఆ గుడిసెలో నవ్వు వినపడి చాలా కాలమైంది.

నిజం చెప్పాలి. పోటీ గడువు లేకపోతే ఆ బొమ్మలు పూర్తయ్యేవి కావు. ప్రతి అమావాస్యకూ పర్వతాలు మిర్యాలగూడ వెళ్లేవాడు. బీరయ్య భుజం మీద బస్తా పెట్టుకుని నిలబడేవాడు. "ఇంకెంతసేపు? ఇది ఉత్త బస్తా అని మర్చిపోయి నా భుజం నిజంగనే నొస్తున్నది," అని తిట్టేవాడు. జానమ్మ వంక పెట్టేది: "నెత్తిగుడ్డ గట్ల కడ్తరా? నీ తాత మోసిండా బస్తాలు?" దీప్లా మంచం మీద నుంచే ఏ బస్తా ముందు జారిందో చెప్పేవాడు. ఒకరు మర్చిపోయింది ఇంకొకరికి గుర్తొచ్చేది. అలా గుర్తు చేసుకుంటూనే, నెట్టు ఎంత ఎత్తు ఉండాలో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. సంఘం అక్కడ పుట్టింది. జగదీశ్ ఉపన్యాసాలతో పుట్టనిది బొమ్మకు నిలబడితే పుట్టింది.

చివరికి బొమ్మలు పోస్టులో వెళ్లాయి. వాటిలో ఒక్క అక్షరం లేదు. మనుషుల నోళ్ల దగ్గర తెల్లటి జాగా వదిలాడు. పటంలో మాటలు ఉండవు. మాట చెప్పేవాడి నోట్లో ఉంటుంది. తాతల కాలం నుంచి అదే పద్ధతి. అది లోపమని మాలో ఎవరికీ తోచలేదు. కాలేజీ చదువుతున్న జగదీశ్‌కీ తోచలేదు.

నెలలు గడిచాయి. ఒకరోజు మిల్లు గేటు దగ్గర నర్సింగరావు గుమాస్తా మా బొమ్మలు అచ్చయిన పత్రికలు పంచుతున్నాడని కబురొచ్చింది. నేనూ, పర్వతాలూ, జగదీశూ బస్సెక్కి వెళ్లాం.

మిల్లులో వడ్లు ఆరబోసే కల్లంలో పండగలా ఉంది. ప్రతి చేతిలో ఒక పత్రిక. "ఇగో, ఇది నేనే!" అంటున్నాడు బీరయ్య. ఆడవాళ్లు జానమ్మ బొమ్మ చూసి ఆట పట్టిస్తున్నారు. "అబ్బ, ముక్కుపుల్ల గూడ పెట్టిండే నీకు! ఏం సంగతి?" పర్వతాలు ముఖంలో నేను మొదటిసారి నెత్తురు కళ చూశాను. తన గీత అచ్చులో ఉంది.

"సదువు బిడ్డా, ఏం రాసిండ్రో," అంది జానమ్మ.

జగదీశ్ పేజీ తిప్పాడు. మళ్లీ వెనక్కి తిప్పాడు.

"సదువుమంటే గుటకలు మింగుతవేంది?"

అతను చదివాడు. కథ పేరు 'తాగుడు తెచ్చిన తంటా'. నర్సింగరావు బస్తాల వైపు వేలు చూపించిన బొమ్మలో, అతని నోటి దగ్గరి తెల్ల జాగాలో ఇలా ఉంది: "అయ్యో! వడ్లు పోతే పోనీ, ముందు మనిషిని తీయండి!" జానమ్మ చేతిలో ఆముదం సీసా ఉన్న బొమ్మలో దీప్లా మూలుగుతూ అంటున్నాడు: "ఆ సారా ఇటివ్వు." చివర ఒక నీతి కూడా ఉంది, పిల్లల కోసం. పర్వతాలు పేరు ఎక్కడా లేదు.

బీరయ్య తన బొమ్మను పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దించాడు. ఆఫీసు గది గుమ్మంలో నర్సింగరావు పళ్లు కుట్టుకుంటూ నిలబడ్డాడు.

"మీ పటం మీరే గీసి పంపితిరి గద. లేబర్ ఆఫీసర్‌కు గదే సూపిస్త. నేను వేరే సాక్ష్యం ఎందుకు తెచ్చుకోవాలె?"

ఆ సాయంత్రం దీప్లా అడిగాడు: "అన్నా, వచ్చిందా నా బొమ్మ?" వాడికి చదువు రాదు. పర్వతాలు పత్రిక వాడి ఛాతీ మీద పెట్టి, ఒక్కో బొమ్మా వేలితో చూపిస్తూ జరిగిన కథే చెప్పాడు. దీప్లా మీసం చూసుకుని మురిసిపోయాడు. నేను బయటికి వచ్చి నిలబడ్డాను. నిజం మొత్తం ఆ చిన్న గుడిసెలో ఇద్దరి మధ్య మిగిలింది, బయట ఊరంతా అబద్ధం అచ్చులో తిరుగుతోంది.

పర్వతాలూ నేనూ బెజవాడ వెళ్లాం. సంపాదకుడు చెడ్డవాడేం కాదు. కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు.

"మీ బొమ్మలు బావున్నాయండీ. కానీ మాటల్లేవే! మాటల్లేకుండా బొమ్మలకథేంటి? పోటీకి పనికిరావు. పారెయ్యడం ఇష్టంలేక మావాడి చేత రాయించాం. ఒకరకంగా పుణ్యం చేశాం."

"మాటలు నోట్ల ఉంటయి సారూ," అన్నాడు పర్వతాలు.

"ఎవరి నోట్లో?"

"బస్తాలు మోసినోళ్ల నోట్ల."

"వాళ్లని మేమెక్కడ తెస్తామండీ?" సంపాదకుడు నవ్వాడు. "పంపినవన్నీ పత్రిక సొత్తని నిబంధనల్లో వేశాం. అసలు బొమ్మలా? ప్రెస్సులో పోయుంటాయి. మళ్లీ పోటీకి పంపండి. మీలో విషయం ఉంది."

తిరిగి వస్తుంటే కోదాడ బస్టాండులో జగదీశ్ ఎదురొచ్చాడు. వెంట హుజూర్‌నగర్‌లో గోడల మీద రాసే ఐలన్న ఉన్నాడు. అదే పోటీకి అతనూ పంపాడు. గెలవలేదు, బొమ్మలూ తిరిగి రాలేదు.

"నా బొమ్మల పులి ఉండె. మొన్న ఇంకెవల్దో కథల నా పులి నడుస్తున్నది. నా పులిని నేను గుర్తుపట్టనా?" అన్నాడు.

బస్సులో పర్వతాలు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను నా లెక్క వేసుకున్నాను. ఇది చదివేవాళ్లలో బొమ్మలు గీసే విద్యార్థులుంటే వినండి. పోటీ మనకు గడువు ఇచ్చింది, పని పూర్తి చేయించింది. అది లాభమే, కాదనను. కానీ ఆ గడువు పని మనుషుల్ని ఒకచోట కూర్చోబెట్టడమే. అది మనమే పెట్టుకోవచ్చు. కుప్పంతా పంపించి, ధర చెప్పే హక్కూ, మాట చెప్పే నోరూ కూడా పోటీ పెట్టినవాడి చేతిలో పెడితే, అది తలుపు కాదు. తూకంరాయి వాడిదే, తక్కెడా వాడిదే.

"సేటూ," అన్నాడు పర్వతాలు, ఇటు తిరగకుండానే. "ఆ పుస్తకాలు గేటుకాడ ఎన్ని పంచిండ్రు?"

"కట్టలు కట్టలు పంచిండ్రు."

"అయితే బొమ్మలు మన చేతులనే ఉన్నయ్ గద. మాటలే కదా వాళ్లయి."

లేబర్ ఆఫీసర్ వచ్చే రోజు పొద్దున్నే హమాలీలు బస్తాల కొక్కేలు కింద పెట్టి పని ఆపేశారు. కల్లం ఆడవాళ్లు సున్నం కలిపారు. పంచిన పత్రికల్లోని పేజీలన్నీ చింపి, పర్వతాలూ ఐలన్నా సన్న కుంచెలతో ఒక్కో నోటి దగ్గరి అక్షరాల మీదా సున్నం పూశారు. అబద్ధం చెరిగి మళ్లీ తెల్ల జాగా వచ్చింది. ఆ పేజీలను మిల్లు ప్రహరీ గోడకు వరుసగా అంటించారు. పటం లేచి నిలబడింది.

జీపు వచ్చేసరికి జానమ్మ కర్ర పట్టుకుని గోడ ముందుంది. ఆమె ఎన్నడూ పదిమందిలో మాట్లాడలేదు. కర్ర మొదటి బొమ్మ మీద పెట్టి, వెనక్కి తిరిగి చూసింది.

"సెప్పక్కా!" అన్నాడు బీరయ్య. "మేము ఊ కొడ్తం."

పటం కథకు ఊ కొట్టాలి. ఊ కొట్టేవాడు లేకపోతే కథ నడవదు.

"ఇగో, ఇది నెట్టు," అంది జానమ్మ. "మనిషికి అందనంత లేపిండ్రు."

"ఊ!" అన్నారు హమాలీలు.

"ఇగో సేటు. ఏమన్నడు? పగిలినయ్ ముందు తియ్యుండ్రి అన్నడు. ఇన్నరా లేదా?"

"ఊ! ఇన్నం!"

"ఇది నా చెయ్యి. ఇది ఆముదం సీసా. సారా అన్నోన్ని వచ్చి వాసన సూడుమను!"

లేబర్ ఆఫీసర్ జీపు దిగి వింటున్నాడు. నర్సింగరావు అతని చెవిలో ఏదో చెప్పి, పోలీసులకు సైగ చేశాడు. వాళ్లు అప్పటికే వచ్చి ఉన్నారు. గోడ ఖరాబు చేశారని కేసు. జమేదారు పేజీలు బరబరా పీకేశాడు. కుంచె ఉన్న చెయ్యి చూసి పర్వతాలును పట్టుకున్నాడు. జగదీశ్ అడ్డం వెళితే అతన్నీ లాగారు. వ్యానెక్కుతూ పర్వతాలు ఒక్కసారి వెనక్కి చూశాడు. బొమ్మల వైపు కాదు. జానమ్మ వైపు.

గోడ బోసిగా మిగిలింది. జనం ఒక అడుగు వెనక్కి వేశారు. లాఠీలు ముందు నిలబడ్డాయి. నేను రోడ్డవతల నా గోనెల బండి పక్కన ఒంటరిగా ఉన్నాను. నర్సింగరావు నన్నే చూస్తున్నాడు. మూడు ఊళ్ల మిల్లర్లు ఒక్కటేనని, రేపటి నుంచి నా సంచి ఎవరూ కొనరని ఆ చూపులో ఉంది.

జానమ్మ కర్ర ఎత్తింది. పేజీ ఉన్నచోట, తడి సున్నపు మరక మీద ఆనించింది.

"ఇగో, ఇది నాలుగో బొమ్మ," అంది. "ఇండ్ల దీప్లా ఉన్నడు. వాని మీద బస్తాలున్నయ్. వాడు తాగలేదు."

ఎవరూ ఊ కొట్టలేదు. కర్ర గోడ మీదే ఆగి ఉంది. కథ నడవడానికి ఒక్క గొంతు కావాలి.

"ఊ," అన్నాను నేను, రోడ్డవతలి నుంచి.

బీరయ్య తల తిప్పి చూశాడు. "ఊ!" అన్నాడు. తర్వాత కల్లం ఆడవాళ్లు. తర్వాత గోదాం లోపలి నుంచి, పక్క మిల్లు గోడ అవతలి నుంచి.

జానమ్మ కర్రను ఐదో బొమ్మ మీదికి జరిపింది.