తిరుగు కుట్టు

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నాడు మా ఆయన ఈరణ్ణ, నేను పాఠాలు ముందే అమ్మేశానని తెలిసిన రోజున. అప్పటికి ఒక్క పాఠం కూడా ఫోన్లో వీడియో తీయలేదు మరి.

ధారవాడలో మా ఇంటి ముందుగదిలోంచి, చేత్తో కసూతి కుట్టు వేసిన చీరలు అమ్ముతాం. కుట్టేది మా అత్తమ్మ నీలవ్వ, అమ్మేది నేను. సూది పట్టే ఓపిక నాకు లేదు, మాటలు మాత్రం దండిగా ఉన్నాయి. మా దగ్గర చీరలు కొన్నవాళ్ళే ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నారు, ఆ కుట్టు మాకూ నేర్పించండి అని. పాఠాలన్నీ తీసి పెట్టుకున్నాక ఎవరూ కొనకపోతే ఆ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకని వాళ్ళ ఫోన్లకే కబురు పంపాను: నీలవ్వ స్వయంగా చేసి చూపించే పాఠాలు, ఇంకా తయారవుతున్నాయి, శ్రావణం మొదటి సోమవారం నుంచి ఫోన్లో చూడొచ్చు, ఇప్పుడే చేరితే ధర తక్కువ. అనుకున్నదానికంటే ఎక్కువమందే చేరారు.

సంగతి విని అత్తమ్మ రొట్టె తట్టడం ఆపి నావైపు చూసింది. "నా చేతి మీద మాటిచ్చావు మాదేవీ. తప్పితే పోయేది నీ నోరు కాదు, నా చెయ్యి" అంది. అని ఊరుకోలేదు, మర్నాడే వెండి కడియం తోమించుకుని కిటికీ దగ్గర కూర్చుంది.

కసూతిలో ముడి వెయ్యరు, గుడ్డ మీద గీత గీయరు. గుడ్డ పోగులు చూసుకుంటూ సూది ముందుకు పోతుంది, ఒక కుట్టు వేసి ఒకటి వదులుతూ. అలా చివరిదాకా పోయి, వదిలిన ఖాళీలన్నీ నింపుకుంటూ బయల్దేరిన చోటికే తిరిగి వస్తుంది. అప్పుడు అత్తమ్మ "ఇల్లు చేరింది" అనేది. ముందువైపు ఎలా ఉంటుందో వెనకవైపూ అలాగే ఉండాలి.

నేను ఫోన్ నిలబెట్టి ఆమె చేతులొక్కటే కనిపించేలా తీశాను. ఆమెకి పెద్ద చీరల పని అలవాటు. పొద్దుటి వెలుతురులో కొంగు నిండా ముందుకు పోయే కుట్లు మాత్రం వేసేసి, తిరుగు కుట్లు తర్వాత తీరిగ్గా వేసుకునేది. పాఠాలకీ అదే పద్ధతి పట్టింది. దీపం, తులసికోట, ఏనుగు, గోపురం, వరసగా అన్ని బొమ్మలకీ పోయే కుట్టే. నాకూ బాగానే అనిపించింది, పని చకచకా సాగుతోంది కదా. "పోవడం ఎవరైనా పోతారు. రావడమే నేర్పాలి, అది నిదానంగా చెప్తాను" అంది.

గోపురానికి పోయే కుట్టు పూర్తయిన మర్నాడు స్నానాల గదిలో పడిపోయింది. ఆసుపత్రికి చేరేలోపే పోయింది.

మట్టి చేసి వచ్చాక కొన్నాళ్ళపాటు నేను ఆ కిటికీ వైపు పోలేదు. పోయినప్పుడు గోపురం గుడ్డ అలాగే ఉంది, దానికి సూది వేలాడుతూ. ఫోన్లో తీసినవన్నీ చూశాను. అన్నీ సగం సగం, చుక్కల బొమ్మలు. ఎవరో తలుపు దాకా వచ్చి మాట మరిచిపోయి నిలబడ్డట్టు. ఒక్కటీ ఇల్లు చేరలేదు. శ్రావణం దగ్గరకొచ్చేసింది. నాకు దుఃఖం కంటే ముందు భయం వేసింది, ఆ భయానికి సిగ్గూ వేసింది.

ఈరణ్ణ రెండు రోజులు ఆలోచించి నెమ్మదిగా చెప్పాడు. ఊళ్ళో కసూతి వచ్చిన ఆడవాళ్ళకి కొదవ లేదు, ఒకామెని పిలిచి మిగతాది తీద్దామన్నాడు. "కనిపించేవి చేతులే కదా. అమ్మ కడియం వేయిస్తే ఎవరికి తెలుస్తుంది?"

తల్లి పోయిన మనిషి, తిట్టడానికి నోరు రాలేదు. "నీకు తెలీదా?" అని మాత్రం అడిగాను. అతను తల తిప్పుకున్నాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకోవడం చూశాను. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం అందరికీ నా గొంతుతోనే కబురు పెట్టాను. అత్తమ్మ లేదు, పాఠాలు సగమే ఉన్నాయి, మిగతా సగం చూపించే చెయ్యి ఇక రాదు, డబ్బు ఎవరిది వాళ్ళకి తిరిగి ఇస్తాను అని. కొందరు ఓదార్చారు, కొందరు డబ్బు వెనక్కి తీసుకున్నారు, అది న్యాయమే. చేరినవాళ్ళలో ఒకామె, గదగ్ ఊరి కుముద, ఫోన్ చేసింది.

కుముద అంటే నాకు వణుకు. ఒకసారి వెనకవైపు ఒక్క కుట్టు వదులుగా ఉందని చీర తిప్పి పంపిన మనిషి. నేను సణుగుతుంటే అత్తమ్మ మాత్రం మురిసిపోయింది. "అందరూ ముఖం చూసి కొంటారు, నువ్వు ముఖం చూసి అమ్ముతావు. వీపు చూసేది ఆమె ఒక్కతే" అంది.

"ఆ గుడ్డలు ఉన్నాయా మాదేవక్కా?" అని అడిగింది కుముద.

ఉన్నాయన్నాను.

"వెనక్కి తిప్పి చూశారా?"

తిప్పాను. ముందువైపు ఎక్కడ ఖాళీ ఉందో, వెనక సరిగ్గా అక్కడే కుట్టు ఉంది. తిరిగి రావలసిన దారంతా అత్తమ్మ అక్కడ పరిచి పెట్టి పోయింది. ఇన్నేళ్ళు ఆమె చీరలు అమ్మి, వీపు వైపు ఒక్కసారీ తేరిపార చూడలేదు నేను. అప్పుడు ఏడ్చాను, ఫోన్లోనే, ఆపుకోలేక. నా ఏడుపు ఆగేదాకా కుముద ఫోన్ పెట్టెయ్యలేదు. తర్వాత, "నాకు డబ్బు వద్దు. తిరిగి వచ్చే దారి మీరే వెయ్యండి, మేం చూస్తాం. తప్పితే చెప్తాను" అంది.

ఆమె చెప్పకుండా ఊరుకునే రకమా?

శ్రావణ సోమవారం వచ్చింది. డబ్బు వెనక్కి తీసుకోకుండా నిలిచినవాళ్ళంతా ఫోన్లలో వీడియో కాల్‌కి వచ్చి కూర్చున్నారు. ముందు అత్తమ్మ పాఠం చూపించాను, బయల్దేరిన చోటికి తిరిగొస్తే ఇల్లు చేరినట్టు అన్న ఆమె మాటతో సహా. తర్వాత ఫోన్ నా చేతుల మీదికి తిప్పాను. కడియం లేని చేతులు. ఇవి నావి, మొరటువి, నీలవ్వవి కావు అని చెప్పి, గోపురం గుడ్డకి వేలాడుతున్న సూది పట్టుకున్నాను. చివరిసారి ఆమె వేళ్ళు తాకింది ఆ సూదినే. గుడ్డ వెనక్కి తిప్పి చూసుకుని మొదటి కుట్టు వేశాను.

మలుపుల దగ్గర దారి తప్పాను. "కాదక్కా, వెనక చూడండి" అనేది కుముద. విప్పి మళ్ళీ వేశాను. శిఖరం దిగాను, మెట్లు దిగాను. పొద్దు వాలేవేళకి నా దారం ఆమె దారం మొదలైన చోటికి వచ్చి ఆగింది. ముడి వెయ్యకుండా రెండు కొసలూ కుట్ల కిందికి దోపాను.

గుడ్డ ఎత్తి చూపించమన్నారు. ఎత్తాను. ఒక కుట్టు ఆమెది, బిగువుగా. పక్క కుట్టు నాది, వదులుగా. కింది మెట్టు నుంచి శిఖరం దాకా అలాగే, ఏది ఎవరిదో చూసినవాళ్ళకి తెలిసిపోయేలా.

"వెనక్కి తిప్పండి" అంది కుముద.

తిప్పాను. చాలాసేపు చూసింది. ఆ చీరలాగే దీన్నీ తిప్పి పంపుతుందేమో అనుకున్నాను.

"కుట్టు బాగాలేదు మాదేవక్కా" అంది. "కానీ ఇల్లు చేరింది" అంది.

గుమ్మంలో నిలబడి వింటున్న ఈరణ్ణ లోపలికొచ్చి, గుడ్డ నా చేతిలోంచి తీసుకుని, వాళ్ళమ్మ కుట్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడుముతూ పోయాడు. నా కుట్లు వచ్చినచోట కూడా వేలు ఎత్తలేదు.