మేరమ్మ చెవి, పాత ల్యాప్‌టాప్

సముద్రం మధ్య దీవిలో ఉన్న గరాచర్మలో కుళాయి నీళ్లు రెండు రోజులకోసారి, పొద్దున్న ఆరింటికి వస్తాయి. ఆ అరగంటా వీధిలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. డ్రమ్ములు, బకెట్లు, ఆఖరికి పాలగిన్నెలు కూడా నింపుకుంటారు. ఆ మంగళవారం కృపావతి పైపు పట్టుకుని నిలబడింది గానీ డ్రమ్ము పొర్లి నీళ్లు గుమ్మం దాకా పారినా చూసుకోలేదు.

"నీళ్లు పోతన్నాయే, కృపా! ఏటే నీ పరధ్యానం?" వంటింట్లోంచి అమ్మమ్మ మేరమ్మ కేకేసింది.

"పదకొండింటికి ఇంటర్వ్యూ అమ్మమ్మా! ఫోన్లో కుదరదన్నారు. ల్యాప్‌టాప్ చూస్తే మూగదైపోయింది."

ఆ ఇంటర్వ్యూ సముద్రం లోపలి శబ్దాలు వినే ఉద్యోగానికి. మెయిన్‌లాండ్‌లోని ఒక పరిశోధన సంస్థ దీవుల చుట్టూ నీళ్లలో మైకులు దించింది. అవి పట్టిన చప్పుళ్లు విని, ఏది రొయ్య, ఏది డాల్ఫిన్, ఏది ఓడ అని రాసిపెట్టడానికి దీవుల్లోనే ఉండే మనిషి కావాలంది. ఒక్కటే పోస్టు. జువాలజీ చదివిన కృప మూడేళ్లుగా ఇలాంటి కబురు కోసమే ఎదురుచూస్తోంది. ఇంకో రెండు నెలలైతే ఆమెకి వయసు పరిమితి దాటిపోతుంది.

మాటిమాటికీ ఆగిపోతున్న ల్యాప్‌టాప్ ఇంటర్వ్యూ మధ్యలో ఆగితే ఎలాగని, ముందురోజు సాయంత్రం కృప అందులో ఉన్నదంతా తుడిచేసి సిస్టం మళ్లీ వేసింది. చిటికెలో తెరుచుకుంది. ఎగిరి గంతేసింది కృప. ఆ తర్వాత చూస్తే మాట రాదు, వైఫై లేదు, కెమెరా లేదు. లోపలి పరికరాలతో సిస్టం మాట్లాడాలంటే డ్రైవర్లనే చిన్న ప్రోగ్రాములుండాలి. అవన్నీ పాత సిస్టంతోపాటే పోయాయి.

ఎనిమిదింటికల్లా ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని బస్టాపు పక్కనున్న దేవప్రసాద్ కంప్యూటర్ షాపుకి పరిగెత్తింది.

"నెట్‌లోంచి దించలేమా భయ్యా?"

"ఇక్కడి నెట్‌తోనా? మొహాలు చూసుకోడానికైతే సరిపోద్ది. డ్రైవర్లు దించాలంటే ఎల్లుండి అవుద్ది. షాపు కంప్యూటర్లకేమో కెమెరాల్లేవు," అంటూ దేవప్రసాద్ హార్డ్‌డిస్కు తగిలించాడు. మెయిన్‌లాండ్ నుంచి ఓడలో వచ్చిన ప్రతి సీడీలోంచీ పదేళ్లుగా పోగేసిన డ్రైవర్లున్నాయి అందులో. పద్నాలుగు వందల ఫైళ్లు. వాటిలో ఈ ల్యాప్‌టాప్‌వి ఏవో చెప్పేదెవరు? దాని అడుగున అంటించిన మోడల్ నంబరు చీటీ అరిగి తెల్లకాగితమైంది. తెరమీద పసుప్పచ్చ గుర్తుల పక్కన అన్నిచోట్లా ఒకటే మాట: తెలియని పరికరం. గుడ్డిగా మూడు వేసి చూశాడు. రెండుసార్లు తెర నీలంగా మారి చచ్చినట్టు పడుకుంది.

"అచ్ఛా," అని దేవప్రసాద్ కుర్చీ వెనక్కి నెట్టాడు. "మామ్మకి ఫోన్ చెయ్యి."

మేరమ్మ చెవి ఆనిస్తే ఏ వస్తువైనా తన పేరు చెబుతుంది. పేరు పలక అరిగిన బోటు ఇంజన్లు, చీటీ ఊడిన విత్తనాల పొట్లాలు, ఏ తాళానివో తెలియని తాళంచెవులు, అన్నీ ఆమె దగ్గరికే వస్తాయి. చర్చిలో కీబోర్డు మొరాయిస్తే పాస్టరుగారు మెకానిక్కు కన్నా ముందు ఆమెకే కబురంపుతారు.

తొమ్మిదిన్నరకి మేరమ్మ ఆటో దిగింది. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని వీపు నిమిరింది.

"జొరం తగిలినట్టుందే దీనికి. ఫ్యానాపండి."

ఎడమ అంచుకి చెవి ఆనించి కళ్లు మూసుకుంది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా లోపలికొచ్చి గోడవారగా నుంచున్నారు.

"ఒకడు పలికాడు. హిందీలో చెప్తన్నాడు."

"చైనా సరుకు కదా మామ్మా?"

"పుట్టింది చైనా అయితే ఏటి? పదేళ్లు మన దీవిలో ఉన్నాడు, హిందీ రాదా? రాస్కో. ఏ, ఎల్, సీ. దో, ఛే, నౌ."

దేవప్రసాద్ వేళ్లు పరిగెత్తాయి. దొరికింది. వేశాడు. ల్యాప్‌టాప్ ఆగి, మళ్లీ లేచి, టింగుమంది. షాపంతా చప్పట్లు.

"వైఫై, అమ్మమ్మా! తొందరగా!"

"వీడు నీకన్నా తొందర మనిషి. మాటలు మింగేస్తన్నాడు. ఒరే, నిదానంగా చెప్పరా... పాంచా, పచాసా?"

మొదట వేసింది పనిచెయ్యలేదు. రెండోసారి మూలన తెల్లటి గీతలు ఒకదాని మీద ఒకటి లేచాయి. కృప దేవప్రసాద్ భుజం మీద గట్టిగా ఒకటి చరిచింది. టైము పది ఇరవై.

కెమెరా మాత్రం నోరు విప్పలేదు. ఇటు తిప్పి విన్నా, అటు తిప్పి విన్నా అంతే. పది నలభై అయింది. కృప గోళ్లు కొరకడం మొదలెట్టింది.

"సిగ్గుపడతంది," అంది మేరమ్మ. "ఇన్నాళ్లూ అందరి మొకాలూ ఇదే చూసింది. దీని మొకం ఎవరైనా చూశారా?" కొంగుతో ఆ చుక్కంత అద్దాన్ని తుడిచి, కళ్లల్లోకి చూసినట్టు చూసింది. "ఎంత చక్కగున్నావే తల్లీ." మళ్లీ చెవి ఆనించింది. మొహం వికసించింది. "చెప్తంది!"

పది యాభై మూడుకి కెమెరా పక్కన దీపం వెలిగింది. తెరమీద చెమటతో తడిసిన మొహం, ఊడిన జడ. తన మొహమే చూసుకుని కృప కెవ్వుమంది.

"పౌడరు! ఎవరి దగ్గరైనా పౌడరుందా?"

గోడవారనున్న ఒకావిడ సంచీలోంచి తీసిచ్చింది.

సరిగ్గా పదకొండింటికి తెరమీద ముగ్గురు కనిపించారు. బొమ్మ ఆగి ఆగి కదిలినా మాట స్పష్టంగానే ఉంది. చదువు గురించి అడిగాక శబ్దాలు వినిపించారు. మొదటిది పోపు చిటపటలాడినట్టుంది. రొయ్యలంది కృప. రెండోది డాల్ఫిన్లంది. పెద్దాయన తలూపాడు.

"మూడోది మిన్నీ బే దగ్గర మైకులో రెండేళ్లుగా వస్తోంది. నిజం చెప్పాలంటే మాక్కూడా తెలీదు. మీరేమంటారు?"

టక్. టక్ టక్. టక్.

కృప తెలీదని చెప్పబోయి ఆగింది. ఏం చేస్తోందో తనకే తెలియకుండా వంగి స్పీకరుకి చెవి ఆనించింది. అవతల ముగ్గురికీ ఆమె జడ తప్ప ఏమీ కనిపించలేదు. మేరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

చప్పుడు కింద ఇంకో చప్పుడుంది. బొంగురు గొంతు, నీళ్లలో నానిన గొంతు. ఇరవై తొమ్మిదేళ్లలో ఏ వస్తువూ ఆమెతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడింది, తెలుగులో.

కృప గబుక్కున లేచింది.

"ఎరుకమ్మ, సర్! పడవ. మునిగిపోయిన పడవ. కర్ర మీద ఇనుము కొట్టుకుంటున్న చప్పుడది. చుక్కాని వదులై ఉంటుంది."

"పేరెలా తెలిసింది?"

"అదే చెప్పింది సర్."

తెర ఆగిపోయింది. మూడు మొహాలూ నోళ్లు తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి. బయట బస్సు వచ్చి, హారన్ కొట్టి, వెళ్లిపోయింది. షాపులో ఒక్కరూ కదల్లేదు.

బొమ్మ కన్నా ముందు గొంతు వచ్చింది. "ఎరుకమ్మ... స్పెల్లింగ్ ఒకసారి చెప్పండి. రాసుకుంటున్నాను."

రెండు వారాలకి మిన్నీ బే దగ్గర ఇద్దరు డైవర్లు నీళ్లలోకి దిగారు. అరవై అడుగుల లోతున, నాచు గోకితే, చెక్కమీద అక్షరాలు కనిపించాయి. వాళ్లకి తెలుగు రాదు. ఫొటో తీసి కృపకి పంపారు. తెలుగు కూడబలుక్కుని చదివే కృపకి ఆ నాలుగక్షరాలూ ఒక్క చూపులో వచ్చేశాయి. ఎప్పుడో మునిగిన తన పడవ దొరికిందని విని ముసలి జాలరి నూకన్న ఒడ్డునే కూలబడి పగలబడి నవ్వాడట. మర్నాడే కృపకి ఆర్డరు వచ్చింది.

మిన్నీ బేలో సముద్రం వైపు కిటికీ ఉన్న చిన్న గది ఇచ్చారు. మొదటిరోజు మేరమ్మ గేటు దాకా వచ్చి ఆగిపోయింది. "ఇక్కణ్ణుంచి నీ చెవే," అంది.

కృప హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. కాసేపు నీళ్ల హోరు. తర్వాత ఎక్కడో ఒక గొంతు. ఆ వెనక ఇంకోటి. పది, ఇరవై, చర్చి వదిలాక గుమ్మంలో జనంలా అందరూ ఒకేసారి తోసుకొచ్చారు.

ఆమె నవ్వుతూ కొత్త పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసింది.

"ఉండండి, ఉండండి. ఒక్కొక్కళ్లే," అంది. "అందరివీ రాసుకుంటాను."