మెట్లు తుడిచే వంతు

బ్యోబ్లింగెన్‌లో, ఒకే ఇంట్లో ముప్పై నాలుగేళ్లుగా అద్దెకుంటున్నాను కాబట్టి జర్మనీ గురించి నాకు తెలియనిది లేదని నా నమ్మకం. కొత్తగా వచ్చిన తెలుగు పిల్లలకు, అడగకపోయినా, శ్రీరంగనీతులు చెబుతుంటాను. అందుకే నా ఎదురు ఫ్లాటులోకి నంద్యాల అమ్మాయి నూర్జహాన్ ఏడాది అద్దె ఒప్పందం మీద దిగినప్పుడు, కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు ఫ్రౌ హేబర్లే నన్నే పిలిచింది.

"తలకు గుడ్డ చుట్టుకుంటుంది. మన పద్ధతులు ఒంటబడతాయంటారా, హెర్ మనోహర్?"

ఆ "మన" అన్న మాటకే నేను ఉబ్బిపోయాను. "కష్టమే. అయినా నేర్పిస్తాను లెండి" అన్నాను.

నూర్జహాన్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. లాక్‌డౌన్ కాబట్టి పనంతా ఇంట్లోంచే. మెట్ల మీద ఎదురైతే చాలు, మాస్కులోంచే పాఠం మొదలుపెట్టేవాణ్ని. ఏ చెత్త ఏ డబ్బాలో వేయాలి, ఆదివారం ఎందుకు చప్పుడు చేయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం కేర్‌వొఖె, అంటే వారానికో కాపురం చొప్పున మెట్లు తుడిచే వంతు. ఎవరి వంతైతే వాళ్ల తలుపుకు చిన్న చెక్క బోర్డు వేలాడుతుంది. "ఇది తప్పామంటే ఇక్కడ మనకు మర్యాద ఉండదమ్మా" అనేవాణ్ని. "సరే అంకుల్" అనేది పాపం, ప్రతిసారీ మొదటిసారి వింటున్నట్టు.

2021 ఏప్రిల్‌లో బోర్డు నా తలుపుకొచ్చింది. విమానాలు ఆగిపోయి నా భార్య తార హైదరాబాదులో చిక్కుకుపోయింది. ఇన్నేళ్లలో నేనొక్కసారీ ఆ మెట్లు తుడవలేదని అప్పుడు గుర్తొచ్చింది. అయినా ఇదేం బ్రహ్మవిద్య? చిన్నప్పుడు గుడివాడలో మా అమ్మ అరుగులు కడిగినట్టే రెండు బకెట్ల నీళ్లు ధారాళంగా పోశాను.

నీళ్లు మెట్లన్నీ దిగి, అడుగున సామాన్లు దాచుకునే కెల్లర్ గదిలోకి పోయి, ఫ్రౌ హేబర్లే అట్టపెట్టెల్లో దాచుకున్న క్రిస్మస్ బొమ్మలను ముంచేశాయి. కింది నుంచి ఆవిడ కేక వినిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నా తలుపుకున్న బోర్డు ఊడబెరికి నూర్జహాన్ తలుపుకు తగిలించి, లోపలికొచ్చి కుక్కిన పేనులా కూర్చున్నాను.

అరుపులకు ఆ పిల్ల బయటికొచ్చింది. తలుపు సందులోంచి చూస్తున్నాను. బోర్డును చూసింది, నీళ్లను చూసింది, నా గుమ్మం దాకా ఉన్న తడి అడుగులనూ చూసింది. గుడ్డ తెచ్చి, గట్టిగా పిండి, పై మెట్టు నుంచి ఒక్కొక్కటే తుడుచుకుంటూ దిగింది. రంజాన్ నెల, రోజా ఉన్న మనిషి.

"నెలాఖరుకు నీ ఒప్పందం అయిపోతుంది. పొడిగించను" అంది పైకొచ్చి ఆ బోర్డు చూసిన ఫ్రౌ హేబర్లే.

ఆవిడ వెళ్లాక తలుపు తీశాను. "నేనని తెలిసీ ఎందుకు చెప్పలేదమ్మా?"

"నేను చెప్తే ఆమె నమ్మదు అంకుల్. మీరు చెప్తే నమ్ముతాది. చెప్తారేమోనని చూస్తా ఉన్నా. మాలాంటోళ్లకు ఇంగో ఇల్లు దొరకాలంటే ఏడాది పడతాది."

సిగ్గుతో చచ్చిపోయాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకుంటూ కిందికి దిగి, బోర్డు సంగతితో సహా ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఫ్రౌ హేబర్లే మాస్కు మీది నుంచి నన్ను ఎగాదిగా చూసింది. లోపలికెళ్లి, నూర్జహాన్ ఒప్పందం మూడేళ్లకు పొడిగిస్తూ కాగితం రాసి సంతకం పెట్టి తెచ్చింది.

"ముప్పై నాలుగేళ్లుగా మీ వంతు తారే తుడిచింది. ఆవిడ ఈ ఊరి మనిషి" అంది కాగితం నా చేతిలో పెడుతూ. "మీరెప్పుడొచ్చారు, హెర్ మనోహర్?"

పైకెళ్లి నూర్జహాన్‌కు కాగితమిచ్చి, గుడ్డ ఎలా పిండాలో చూపించమని అడిగాను.