శుక్రగ్రహానికి వెళ్లొచ్చిన ఇడ్లీ పాత్ర

నేను ఒక ఇడ్లీ పాత్రను. ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఇప్పుడు నన్ను చూసి ఎవరూ ఆ మాట నమ్మరు. ఒళ్లంతా గులాబీ రంగు, అడుగున మూడు ఇనుప కాళ్లు, మూత మీద ఒక సైకిలు గంట. నన్ను ఈ అవతారంలోకి దించిన మనుషుల మీద మొదట్లో కోపం ఉండేది. అది పోయింది. నిర్ఘాంతపోవడం మాత్రం ఇంకా పూర్తికాలేదు.

కాకినాడ మార్కెట్లో గిన్నెల కొట్టులో వరహాలమ్మ నన్ను వేలితో మూడుసార్లు కొట్టి, చప్పుడు విని, చంకన పెట్టుకుంది. ఆమె భర్త గవర్రాజు మద్రాసులో సినిమా సెట్లకు రంగులు వేసేవాడు. కోడంబాకంలో వాళ్ల వంటింట్లో పదకొండేళ్లు పొయ్యి మీద కూర్చున్నాను. ఒకసారి ఆమె చేయి జారి నా మూతకు సొట్ట పడింది. నా జీవితంలో అంతకంటే పెద్ద ఘోరం జరగదనే అనుకున్నాను.

గవర్రాజుకు ఒక రహస్యం ఉంది. అది వరహాలమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అతని కంటికి ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. గులాబీ రంగు బూడిద రంగులా కనిపిస్తుంది. పండుమిరపకాయ ఏదో, పచ్చిది ఏదో భార్యను అడిగి తెలుసుకునేవాడు. రంగుల డబ్బాలకు సుద్దతో పేర్లు రాసిచ్చేది కూడా ఆమే. అలాంటివాడు ఇరవై రెండేళ్లు రంగులు వేసి బతికాడంటే మీరు నోరు తెరుస్తారు. నేనూ తెరిచాను. మూత ఉంది కాబట్టి బయటపడలేదు.

ఎలా బతికాడంటే, అవన్నీ నలుపు తెలుపు సినిమాలు. తెల్లగోడ కెమెరాలో మరీ మెరిసిపోతుందని దానికి పసుపు రంగు వేసేవారు. మహారాజు సింహాసనం చిలకపచ్చగా ఉండేది, తెర మీద బంగారమని జనం నమ్మేవారు. సెట్టు మీద ఎంత వికారమైన రంగు కనిపించినా, “కెమెరాలో సర్దుకుంటుందిలే” అని అందరూ ఊరుకునేవారు. వెలుగునీడలు లెక్కగట్టడంలో గవర్రాజును మించినవాడు లేడని పేరు.

అప్పుడు డైరెక్టర్ కామేశంగారు ‘శుక్రగ్రహంలో శూరుడు’ మొదలుపెట్టారు. పూర్తిగా రంగుల సినిమా అన్నారు. శుక్రగ్రహం నిప్పులా ఎర్రగా ఉండాలి, అక్కడి భటుల ముఖాలు ఆకుపచ్చగా ఉండాలి, వాళ్ల ఎగిరే పళ్లెం బూడిద రంగులో గంభీరంగా ఉండాలి. ఆ యూనిట్‌లో ఒక్కరికీ రంగుల సినిమా అనుభవం లేదు. గవర్రాజుకు గుండెల్లో రాయి పడింది. రంగులు తెలియని రంగులవాడికి ఎవరు పని ఇస్తారు? అందుకని నోరు మెదపలేదు. వరహాలమ్మ డబ్బాలన్నిటికీ పేర్లు రాసిపెట్టి, చెల్లెలి పురుటికని తుని వెళ్లింది.

ఆమె వెళ్లిన మర్నాడే వడ్రంగి చేసిన ఎగిరే పళ్లాన్ని చూసి కామేశంగారు, “ఇదేంటయ్యా, ట్రంకుపెట్టెలా ఉంది” అన్నారు. ఆ మధ్యాహ్నం గవర్రాజు వంటింట్లోకి వచ్చి నన్ను బోర్లించి చూశాడు, వెల్లకిలా తిప్పి చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. సాయంత్రానికల్లా నాకు కాళ్లు మొలిచాయి, మూత మీద గంట వెలిసింది. తర్వాత అతను ‘బూడిద’ అని రాసి ఉన్న మూత తీసి, డబ్బాలోని రంగు నాకు పూశాడు. అది గులాబీ రంగు. నేను అరవలేకపోయాను.

జరిగిందేమిటంటే, వరహాలమ్మ పేర్లు రాసింది డబ్బాల మీద కాదు, మూతల మీద. ఇతగాడు డబ్బాలన్నీ ఒకేసారి తెరిచి, చేతికందిన మూతను చేతికందిన డబ్బాకు పెట్టేశాడు. దాంతో శుక్రగ్రహం చిలకపచ్చగా తయారైంది. భటుల ముఖాలు కుంకుమ బరిణెల్లా అయ్యాయి. సెట్టులో అడుగుపెట్టిన కామేశంగారు నిలువునా నివ్వెరపోయారు. కాసేపటికి తేరుకుని, “తెర మీద ఎర్రగా రావాలంటే ఇక్కడ పచ్చ వేయాలి కాబోలు. గవర్రాజుకు తెలియదా” అని కెమెరామన్‌తో అన్నారు. అతను గట్టిగా తలూపాడు. నా కడుపులో మరిగే నీళ్లు పోసి, గాలపు తీగతో వేలాడదీసి, ఇడ్లీ రేకుల చిల్లుల్లోంచి ఆవిరి చిమ్మిస్తూ నన్ను ఎగరేశారు. తీగ కూడా కెమెరాలో సర్దుకుంటుందన్నారు.

ఏదీ సర్దుకోలేదు. ప్రివ్యూ రోజున నన్ను కూడా సినిమా వేసే గదిలో బల్ల మీద పెట్టారు. తెర మీద పచ్చటి గ్రహం, ఎర్రటి భటులు, గులాబీ రంగులో నేను. సినిమా అయ్యాక ఎవరూ లేవలేదు.

“ఏంటిది, గవర్రాజూ?” అన్నారు కామేశంగారు.

“నాకు రంగులు తెలవ్వండి. మొదట్నించీ అంతే” అన్నాడతను.

ఇరవై రెండేళ్ల పేరు ఆ ఒక్క మాటతో పోయింది. టైటిల్స్‌లోంచి అతని పేరు తీసేయించారు. మళ్లీ తీసే ఓపిక ఎవరికీ లేక సినిమాను అలాగే విడుదల చేశారు. గవర్రాజు భార్యను తీసుకుని కాకినాడ వెళ్లిపోయాడు. ప్రచారం కోసమని నన్నూ కాకినాడే పంపి, టాకీసులో తెర పక్కన వేలాడదీశారు.

మ్యాట్నీకి వరహాలమ్మ భర్తను చేయి పట్టుకుని లాక్కొచ్చింది. నాకు దగ్గర్లోనే కూర్చున్నారు. వెనక మూలన, జనం ఏమంటారో చూడ్డానికొచ్చిన కామేశంగారు కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. తెర మీద నేను వచ్చాను.

“ఒరే, అది ఇడ్లీ పాత్రరా” అన్నాడు బెంచీలోంచి ఒకడు.

హాలు ఘొల్లుమంది. తాడు తెగి పడిపోతే బాగుండుననిపించింది. కానీ ఆ నవ్వు ఆగేలోపే ఈలలు మొదలయ్యాయి, కాగితం ముక్కలు ఎగిరాయి. పచ్చటి కొండల మీద ఎర్రటి భటులు హీరో తన్నులకు దొర్లుతుంటే చిన్నా పెద్దా బెంచీలెక్కారు. ఆఖర్న హీరోకు అడ్డం వెళ్లి, శుక్రగ్రహపు రాజు వదిలిన కిరణం తగిలి నేను కూలిపోతుంటే, ఇందాక నవ్వినవాడే లేచి నిలబడి, “అయ్యయ్యో, పడిపోద్దేమోరా” అన్నాడు. అంతా ఊపిరి బిగబట్టారు. ఇడ్లీ పాత్రని వాళ్లకు తెలుసు. తీగ కనిపిస్తూనే ఉంది. అయినా నా కోసం కంగారుపడ్డారు. పదకొండేళ్లు కడుపు నింపినా నాకోసం ఎవరూ అలా కంగారుపడలేదు. మనుషులు నాకు అర్థం కాలేదు, కానీ ఆ క్షణాన వాళ్ల మీద చాలా ప్రేమ పుట్టింది.

గవర్రాజు తల వంచుకునే ఉన్నాడు. వరహాలమ్మ నా మూత మీది సొట్టను గుర్తుపట్టింది.

“ఏవండీ, పాత్రను సొట్ట తీయించడానికి ఇచ్చానన్నారు?”

అతను గొణిగాడు. “బూడిద అని నువ్వు రాసిందే పూశానే.”

“నేను రాసింది ఎక్కడ చూశారు?”

“మూత మీద.”

ఆమె ముఖం పాలిపోయింది. ఆట అయిపోయి జనం ఈలలతో బయటికి వెళుతుంటే కామేశంగారు వాళ్ల దగ్గరికొచ్చారు.

“టైటిల్స్‌లో నీ పేరు మళ్లీ వేయిస్తాను గవర్రాజూ. రెండో భాగం తీద్దాం. అచ్చం ఇవే రంగులు కావాలి.”

“ఏం వేశానో నాకే తెలవదండి. మళ్లీ ఎలా వేసేది?”

“తప్పు నాదండి” అంది వరహాలమ్మ. “మూతల మీద రాశాను. ఈసారి డబ్బాల మీదే రాస్తాను.”

“వద్దమ్మా” అన్నారు కామేశంగారు. “మూతల మీదే రాయండి.”

గవర్రాజు తలెత్తి, ప్రివ్యూ తర్వాత మొదటిసారి నన్ను చూశాడు.

“ఇదేం రంగే?”

“గులాబీ.”

“బాగుందా?”

ఆమె చాలాసేపు నన్ను చూసింది.

“బాగుందండి. నేనైతే ఇంత ధైర్యంగా వేసేదాన్ని కాదు.”

ఇప్పుడు వాళ్లింట్లో అలమారలో ఉన్నాను. ఇడ్లీలకు కొత్త పాత్ర వచ్చింది. రంగు పెచ్చులూడిపోతోంది, గంట తుప్పుపట్టింది. ఎవరైనా కొత్తవాళ్లు వచ్చి ఇదేమిటని అడిగితే, గవర్రాజు నా రంగు పేరు చెప్పాకే మిగతాది చెబుతాడు.